కథల్లోంచి వచ్చిన స్టాఫర్డ్‌షైర్ బొమ్మలు: కొనేముందు ఏం చూడాలి

నా దగ్గరున్న రోమియో ఆడమనిషి. పది అంగుళాల ఎత్తు, మోకాళ్ల పైదాకా అంగీ, భుజం మీదుగా వేలాడే చిన్న పైవస్త్రం, పక్కన ఒదిగి నిలబడ్డ జూలియట్. నలభై మైళ్లు కారు నడిపి వెళ్లి, ఒక సంతలో 110 పౌండ్లు పెట్టి కొన్నాను. రోమియో నడుము, నిలబడ్డ తీరు చూసి, చేసినవాళ్లకి మగవాడి బొమ్మ సరిగ్గా కుదరలేదేమో అనుకున్నాను. ఆరు నెలల తర్వాత ఒక పాత ముద్రణ చిత్రం చూశాక గానీ విషయం తెలియలేదు. 1845 చివర్లో లండన్‌లోని హేమార్కెట్ థియేటర్‌లో షార్లెట్ కుష్మన్ అనే అమెరికన్ నటి రోమియో వేషం కట్టింది. జూలియట్ ఆమె చెల్లెలు సూసన్. ఊరంతా ఆ నాటకం గురించే మాట్లాడుకుంది. వాళ్లిద్దరి బొమ్మ అచ్చై అమ్ముడుపోయింది. ఆ అచ్చు బొమ్మ చూసి ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలో ఎవరో మట్టి బొమ్మ చేశారు. కుదరకపోవడం కాదు, చూసినది చూసినట్టే చేశారు.

ఈ బొమ్మలు సేకరించాలనుకునేవారికి నేను చెప్పగలిగిన అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. ఇవి పుస్తకం చదివి చేసినవి కావు. పుస్తకంలోని చిత్రాన్నో, నాటకం పోస్టర్‌నో, పాటల పుస్తకం అట్టనో, ఊరూరా తిప్పి చూపించిన విగ్రహాన్నో చూసి చేసినవి. అందుకే బొమ్మ కనిపించగానే "ఇది ఏ కథ?" అని అడిగి ఊరుకోకండి. "దీని వెనక ఏ చిత్రం ఉంది?" అని కూడా అడగండి. ఆ చిత్రం దొరికితే బొమ్మ పేరు ఖాయమవుతుంది, ఏ ఏడాదికి ముందు చేసి ఉండడానికి వీల్లేదో తెలుస్తుంది, విరిగి మళ్లీ అతికించిన చెయ్యి అసలు ఎటు తిరిగి ఉండాలో కూడా తెలుస్తుంది.

నేను డెర్బీలో ఉంటాను. ఇక్కడి నుంచి స్టోక్‌కి రైల్లో గంటలోపు ప్రయాణం. ఆ రైలు దారిలో లాంగ్టన్‌లో ఆగుతుంది. బర్స్‌లమ్, టన్‌స్టాల్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్లు 1910లో కలిసి ఇప్పటి స్టోక్-ఆన్-ట్రెంట్ అయ్యాయి. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో ఈ ఊళ్లలోని పెద్దా చిన్నా కార్ఖానాల్లో చేసిన మట్టి బొమ్మలనే స్టాఫర్డ్‌షైర్ బొమ్మలంటారు. ఇవి పింగాణీవి కావు. కాల్చిన తెల్లమట్టి మీద గ్లేజ్, అంటే గాజులాంటి పూత, పోసి రంగులు వేసినవి. పింగాణీ కొనలేని ఇళ్ల కోసం చేసిన సరుకు ఇది. చాలావాటి మీద చేసినవారి పేరు, ముద్ర ఏవీ ఉండవు. "ఇది ఫలానా కార్ఖానాది, రాసిస్తాను" అని ఎవరైనా గట్టిగా అంటే, దేన్ని బట్టి చెబుతున్నారో అడగాల్సిందే.

1840 ప్రాంతం నుంచి వీటిలో ఎక్కువ భాగం ఫ్లాట్‌బ్యాక్‌లు. నిప్పుగూడు పైనున్న బల్ల మీద గోడకి ఆనించి పెడతారు కాబట్టి వెనకవైపు చదునుగా వదిలేశారు, రంగు కూడా వెయ్యలేదు. అంతకు ముందువాటిలో చాలావరకు నాలుగు వైపులా చెక్కినవి. వాటిలో కొన్నిటికి బొమ్మ వెనక ఆకులు, పూలున్న చెట్టు కూడా ఉంటుంది. దాన్ని బొకాజ్ అంటారు. ఆ ఆకుల కొసలు విరగకుండా దొరికితే అదృష్టమే.

ఒక్క కథతో మొదలుపెట్టండి

మొదటి ఏడాది నేను కనిపించినవన్నీ కొన్నాను. కుక్కలు, గొర్రెల కాపరులు, రాణిగారి పిల్లలు, ఒక ఏనుగు. ఇంట్లో చోటు నిండింది గానీ ఏ ఒక్కదాని గురించీ నాకు గట్టిగా తెలియలేదు. తర్వాత సగానికి పైగా అమ్మేసి సాహిత్యం బొమ్మలకే పరిమితమయ్యాను. అందులోనూ ముందు ఒక కథ, అది బాగా పట్టుబడ్డాక ఇంకొకటి. అలా చేస్తేనే కన్ను పదునెక్కుతుంది. ఒకే బొమ్మను పదిచోట్ల పది రకాలుగా చూస్తే, పదకొండోది చూడగానే తేడా కనిపెట్టేస్తారు.

నేను మొదట ఎంచుకున్నది అంకుల్ టామ్, ఈవా. అమెరికాలోని బానిసత్వం మీద హారియట్ బీచర్ స్టోవ్ రాసిన నవల "అంకుల్ టామ్స్ క్యాబిన్" 1852లో పుస్తకంగా వచ్చింది. టామ్ అందులో నల్లజాతి బానిస, ఈవా యజమాని కూతురు. ఇంగ్లండ్‌లో అది విపరీతంగా అమ్ముడుపోయింది, నాటకాలుగా ఆడారు. స్టాఫర్డ్‌షైర్ వాళ్లు ఆలస్యం చెయ్యలేదు. కూర్చున్న టామ్, అతని ఒళ్లో చిన్న ఈవా, చేతిలో బిడ్డతో ఎలైజా, పక్కన జార్జ్, అత్త క్లోయీ, టాప్సీతో ఈవా. ఇలా ఆ ఒక్క నవల నుంచే పెద్ద కుటుంబం తయారైంది. ఈ బొమ్మలు ఏవీ 1852 కన్నా ముందువి అయ్యే అవకాశమే లేదు. "1840 నాటి అంకుల్ టామ్" అని చీటీ కనిపిస్తే, ఆ దుకాణంలో మిగతా చీటీలు కూడా జాగ్రత్తగా చదవండి.

వీటిలో ఒకదాని పీఠం మీద నవలలోని వాక్యమే ఉంటుంది. ఈవా గలగలా నవ్వుతూ టామ్ మెడలో గులాబీల దండ వేస్తోందని. అది నవల పదహారో అధ్యాయంలో ఉంది. నేను పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుని చూశాను. నవలలో "అతని మెడలో" అని ఉంటే, పీఠం మీద "టామ్ మెడలో" అని మార్చారు. పుస్తకంలో ముందు వాక్యాల్లోనే టామ్ పేరు వచ్చేసింది కాబట్టి "అతని" అంటే సరిపోతుంది. నిప్పుగూడు మీద పెట్టుకునే ఇంట్లో ఆ ఒక్క వాక్యమే ఉంటుంది, ముందు వెనకలు ఉండవు. ఎవరి మెడో చెప్పాలి కదా. పేరు తెలియని ఆ పనివాడు ఎంత ఆలోచించి ఆ ఒక్క మాట మార్చాడో! ఆ సాయంత్రమంతా నేను ఆ పీఠం దగ్గరే కూర్చున్నాను.

నవలలోని నల్లజాతి బానిసపిల్ల టాప్సీ బొమ్మ మాత్రం నేను కొనలేదు. దాని పీఠం మీద ఆ పిల్ల యాసను వెక్కిరింపుగా దింపిన మాటలుంటాయి. మ్యూజియంలో వివరం పక్కన పెట్టి చూపించడం వేరు, నా ముందుగదిలో పెట్టుకోవడం వేరు. కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆ మాటలు చదివి, ఆలోచించి తేల్చుకోండి.

ఇక మిగతా కథలు. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్ మంచిది. రకరకాల అచ్చుల్లో చాలా చేశారు, తేలిగ్గా దొరుకుతుంది. నా మొదటిది 35 పౌండ్లు. డిక్ టర్పిన్, టామ్ కింగ్ అనే దారిదోపిడీ దొంగలు గుర్రాల మీద ఎదురెదురుగా ఉండే జంట కూడా తరచూ కనిపిస్తుంది. టర్పిన్ నిజంగా బతికిన దొంగ, 1739లో యార్క్‌లో ఉరితీశారు. కానీ బ్లాక్ బెస్ అనే గుర్రం మీద లండన్ నుంచి యార్క్ దాకా దౌడు తీసిన వీరుడిగా జనం గుండెల్లో నిలిచింది 1834లో వచ్చిన ఎయిన్స్‌వర్త్ నవల "రూక్‌వుడ్" వల్లే. కాబట్టి ఆ బొమ్మను నేరస్థుల అరలో కాకుండా సాహిత్యం అరలో పెట్టుకుంటాను.

వీళ్లు కాక స్కాట్లాండ్ కవి బర్న్స్ కవిత నుంచి వచ్చిన టామ్ ఓ షాంటర్, సౌటర్ జానీ ఉన్నారు. సౌటర్ అంటే స్కాట్లాండ్ మాటలో చెప్పులు కుట్టేవాడు. ఇద్దరూ చెరో పాత్ర పట్టుకుని కుర్చీల్లో కూర్చుని ఉంటారు. అది కవితలోని వర్ణన చూసి ఊహించిన కూర్చోవడం కాదు. జేమ్స్ థామ్ అనే శిల్పి 1828లో వాళ్లిద్దరినీ ఇసుకరాయిలో నిలువెత్తున చెక్కాడు, వాటిని ఊళ్లు తిప్పి చూపించారు. ఆ రాతి విగ్రహాలు ఇప్పటికీ అల్లోవేలోని బర్న్స్ స్మారకం దగ్గర ఉన్నాయి. వాటి ఫొటో పక్కన మీ మట్టి బొమ్మ పెట్టి చూడండి, కాళ్లు చాపిన తీరుతో సహా కలుస్తుంది.

చిత్రాన్ని వెతకడం ఎలా

షేక్‌స్పియర్ బొమ్మలతో నేర్చుకోవడం తేలిక, ఎందుకంటే వాటి వెనకున్న చిత్రాలు చాలావరకు భద్రంగా ఉన్నాయి. షేక్‌స్పియర్ ఒక స్తంభం మీద పేర్చిన పుస్తకాలపై మోచెయ్యి ఆనించి, కాలు మీద కాలు వేసి నిలబడ్డ బొమ్మ చాలామంది చూసే ఉంటారు. అది వెస్ట్‌మినిస్టర్ అబేలో 1741లో పెట్టిన స్మారక విగ్రహం. చెక్కినవాడు పీటర్ షీమేకర్స్, రూపకల్పన విలియం కెంట్‌ది. ఆ కెంట్‌కీ, బర్స్‌లమ్‌లో పాత అచ్చుల్లోంచి 1962 దాకా బొమ్మలు తీసిన విలియం కెంట్ కార్ఖానాకీ సంబంధం లేదు. పేరు కలిసిందంతే. నేను మొదట్లో రెండూ కలిపేసుకుని చాలా తికమకపడ్డాను.

గుడారంలో మంచం మీంచి ఉలిక్కిపడి లేస్తున్న మూడో రిచర్డ్ కనిపిస్తే, అది ఆ వేషంలో ఉన్న నటుడు గారిక్‌ను చిత్రకారుడు హోగార్త్ 1745లో గీసిన చిత్రం. అసలు చిత్రం లివర్‌పూల్‌లోని వాకర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. చిత్రాన్ని ముద్రించి అమ్మారు కాబట్టి, నూరేళ్ల తర్వాత కూడా కుమ్మరుల చేతికి దొరికింది. 1850ల మొదట్లో లండన్‌లో టాలిస్ అనే ప్రచురణకర్త షేక్‌స్పియర్ పాత్రల్లో నటుల చిత్రాలు వరసగా అచ్చువేశాడు. వాటిని చూసి చేసిన బొమ్మలు ఒక గుంపుగా ఉన్నాయి. అవి ఫ్లాట్‌బ్యాక్‌లు కావు. వీపు కూడా చెక్కి, రంగు వేసి, పీఠం మీద నాటకంలోని మాటలు లోపలికి నొక్కి రాసి ఉంటాయి. సేకరించేవాళ్లు వీటిని టాలిస్ బొమ్మలనే అంటారు. బర్స్‌లమ్‌లోని థామస్ పార్ కార్ఖానావి అని ఇప్పుడు చెబుతున్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. ధరా అలాగే ఉంటుంది.

వెతకడానికి నేను చేసేది ఇది. బొమ్మను నేరుగా ముందు నుంచి ఫొటో తీస్తాను. పాత్ర పేరు, "ముద్రణ చిత్రం", "నటుడు" అనే మాటలతో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం ఆన్‌లైన్ జాబితాల్లో వెతుకుతాను. పేరు ఖాయంగా తెలియకపోతే దుస్తులను బట్టి, చేతిలో ఉన్న వస్తువును బట్టి వెతుకుతాను. చిత్రం దొరికితే కాగితం మీద ప్రింట్ తీసి బొమ్మ వెనక నిలబెడతాను. గుర్తుంచుకోండి, అచ్చు తీసేటప్పుడు ఎడమ కుడి తారుమారు కావచ్చు, విరిగిపోయే సన్నటి కత్తులు, చాచిన చేతులు ఒంటికి దగ్గరగా లాగేసి ఉండవచ్చు. అలాంటి తేడాలు చూసి "ఇది కాదు" అని తోసెయ్యకండి. టోపీ ఆకారం, కాలర్, బెల్టు, కాళ్లు పెట్టిన తీరు కలిశాయా అన్నది చూడండి.

పీఠం మీది పేరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఉన్న అచ్చుకే వేరే పేరు రాసి అమ్మడం ఆ రోజుల్లో మామూలే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మ మీద వాషింగ్టన్ అని రాసి ఉన్నవి ఈనాటికీ దొరుకుతున్నాయి. పేరే లేని జంట అయితే మరీ కష్టం. ఇద్దరు ప్రేమికులు చెట్టు కింద కూర్చుంటే చాలు, దుకాణంవాళ్లు రోమియో జూలియట్ అనో, ఒక ఫ్రెంచి నవలలోని ప్రేమికులు పాల్ వర్జీనియా అనో చీటీ అంటిస్తారు. ఆ చీటీకి డబ్బులు ఇవ్వకండి. చిత్రం దొరికేదాకా అది "జంట" మాత్రమే.

చేతిలోకి తీసుకున్నాక

అడిగి, రెండు చేతులతో ఎత్తండి. తల పట్టుకునో, చెయ్యి పట్టుకునో ఎప్పుడూ ఎత్తకూడదు, అతుకు ఊడి మీ చేతిలోకి వస్తే ఆ బాధ్యత మీదే.

మొదట బరువు. పాతవి ప్లాస్టర్ అచ్చు భాగాల్లో మట్టిపలకలు వేళ్లతో నొక్కి, ఆ భాగాల్ని కలిపి చేసినవి. గోడలు మందంగా, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువగా ఉంటాయి. బొమ్మ చూసినదానికన్నా చేతికి కాస్త బరువుగా అనిపిస్తుంది. ఇటీవలి నకళ్లు పల్చటి మట్టినీళ్లు అచ్చులో పోసి తీసినవి. దీన్ని స్లిప్ కాస్టింగ్ అంటారు. అవి తేలిగ్గా ఉంటాయి, గోడ అంతటా ఒకే మందం. అడుగున కూడా తేడా తెలిసిపోతుంది. నొక్కి చేసిన ఫ్లాట్‌బ్యాక్‌కి బట్టీలో వేడిగాలి పోవడానికి చిన్న రంధ్రం, పెసరగింజంతో బఠాణీ అంతో ఉంటుంది. స్లిప్ కాస్టింగ్ నకలుకి మిగిలిన మట్టినీళ్లు వంచెయ్యడానికి పెద్ద రంధ్రం కావాలి, బొటనవేలు దూరేంత కూడా ఉండొచ్చు.

తర్వాత గ్లేజ్ పగుళ్లు. సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు పాతవాటిలో ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉంటే ఒకచోట దట్టంగా, ఒకచోట అసలు లేకుండా ఉంటాయి. బొమ్మ మొత్తం చేపల వలలా సమానంగా పగిలి, ప్రతి పగులులోనూ ఒకే గోధుమరంగు నిండి ఉంటే అది కావాలని చేసిన ముసలితనం.

బంగారు పూత చూడండి. సుమారు 1880కి ముందు వాడిన బంగారం మెత్తటి మెరుపుతో, పాత నగలాగా ఉంటుంది, చెయ్యి తగిలేచోట అరిగిపోయి ఉంటుంది. తర్వాత వచ్చిన బ్రైట్ గోల్డ్ అద్దంలా తళతళలాడుతుంది. 1850 నాటిదని చెప్పిన బొమ్మ పీఠం మీద అద్దంలాంటి గీత కనిపిస్తే, ఆ బొమ్మ పాత అచ్చులోంచి తర్వాత తీసినదై ఉండాలి. అలాంటివి కొనకూడదని కాదు. ఆ కాలానికి తగిన ధర ఇవ్వండి.

నీలం గురించి కొంచెం ఆగి చెప్పాలి. కొన్ని బొమ్మల కోటు ముదురు నీలంలో, నీళ్ల అడుగున ఉన్నట్టు లోతుగా కనిపిస్తుంది. అది కోబాల్ట్. గ్లేజ్ కాలే వేడిని తట్టుకుంటుంది కాబట్టి గ్లేజ్ కిందే వేసేవారు. 1840 నుంచి 1860 దాకా చేసిన వాటిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు లాంటివి గ్లేజ్ పైన వేసి, తక్కువ వేడి మీద మళ్లీ కాల్చినవి. అందుకే నీలం ఎప్పటికీ ఊడదు, పైన వేసినవి పెచ్చులుగా ఊడతాయి. నా టర్పిన్ టోపీ నల్లరంగు. భూతద్దంతో చూస్తే ఎండిన చెరువు అడుగులా పలకలుగా చీలి, మధ్యలో తెల్లటి గ్లేజ్ కనిపిస్తుంది. పక్కనే నీలం కోటు మీద ఒక్క గీత లేదు. రెండు రంగులదీ ఒకే వయసు, రెండూ ఒకే నిప్పుగూడు మీద ఉన్నాయి. ఆ తేడా ఒక్కసారి కంటికి అలవాటైతే, కొత్తగా వేసిన నలుపు మిమ్మల్ని మోసం చెయ్యలేదు. నూట డెబ్భై ఏళ్ల బొమ్మ మీద నిగనిగలాడే నల్లటోపీ, ఒక్క పెచ్చూ లేవకుండా ఉంటే, దాన్ని మళ్లీ ఎవరో ముట్టుకున్నారేమో అని అనుమానించాలి.

ముఖం చూడండి. కనుబొమ్మ ఒక్క కుంచె ఊపుతో వచ్చిందా, వణుకుతూ గీసుకుంటూ వచ్చిందా? ఈ రంగులు వేసినవాళ్లలో పిల్లలు చాలామంది. శామ్యూల్ స్క్రివెన్ అనే అధికారి 1841లో ఈ కార్ఖానాలు తిరిగి పిల్లల మాటలు రాసుకున్నాడు. రోజుకి వందల ముఖాలకి అదే కనుబొమ్మ వేసిన చెయ్యి తడబడదు. నకలు చేసేవాడు చూసి గీస్తాడు కాబట్టి ఆగి ఆగి గీస్తాడు. నా దగ్గరున్న రెడ్ రైడింగ్ హుడ్ పీఠం కింద, గ్లేజ్ అడుగున, చిన్న వేలిముద్ర ఉంది. నా చిటికెనవేలు కూడా దానిమీద పూర్తిగా ఆనదు. అది చూసినప్పుడల్లా ఆ బిడ్డ ఏ వయసుదో అనిపిస్తుంది.

అతుకులు, దాచిన రంగులు

నా జీవితంలో ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే, కాబట్టి వివరంగా చెబుతాను. షేక్‌స్పియర్ నాటకాల్లోని ఫాల్‌స్టాఫ్ బొమ్మ ఒకటి కొన్నాను, 260 పౌండ్లు. దెబ్బ లేదన్నారు, నేనూ లేదనుకున్నాను. ఇంటికొచ్చి చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే మెడ చుట్టూ, డాలు పట్టిన చెయ్యి మొత్తం పాలిపోయిన తెలుపులో వెలిగాయి. మిగతా ఒళ్లు మామూలుగా ఉంది. తల విరిగింది, చెయ్యి కొత్తగా చేసి పెట్టింది, పైన రంగు, దానిపైన వార్నిష్. అమ్మినాయన ఫోన్ తియ్యలేదు. రశీదు మీద బొమ్మ పేరు తప్ప ఏమీ రాయించుకోలేదు నేను. ఆ వారం రాత్రిళ్లు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఆ టార్చి నా సంచిలోనే ఉంటుంది. సంతలో పగటి వెలుగులో పనిచెయ్యదు, కాబట్టి ఒక మందపాటి నల్లగుడ్డ కూడా పెట్టుకుంటాను. అడిగి, గుడ్డ కింద చూస్తాను. నిజాయితీగా అమ్మేవాళ్లు ఎవరూ ఇప్పటిదాకా కాదనలేదు. ఆ కాంతిని కళ్లలోకి మాత్రం వేసుకోకండి. కొన్ని కొత్త రంగులు దీనికీ దొరకవు, అందుకే ఇదొక్కటే చాలదు. బొమ్మను బుగ్గకి ఆనించి చూడండి. కాల్చిన మట్టి, గ్లేజ్ చల్లగా తగులుతాయి. ప్లాస్టిక్ లాంటి పదార్థంతో నింపి రంగు వేసినచోటు అంత చల్లగా ఉండదు. గోటితో మెల్లగా జరిపితే రంగు మొదలయ్యే అంచు తగులుతుంది. మెడ, మణికట్టు, టోపీ ఈక, గుర్రం చెవులు, కుక్క తోక. వీటిని ముందు చూడండి, విరిగేవి అవే.

బట్టీలోనే పడ్డ పగులుకీ, తర్వాత తగిలిన దెబ్బకీ తేడా ఉంది. బట్టీ పగులు అంచులు మొద్దుగా, లోపలికి గ్లేజ్ జారి ఉంటాయి. అది పుట్టుమచ్చ లాంటిది, నేను పట్టించుకోను. తర్వాతి పగులు సన్నగా, పదునుగా, మురికి పట్టి ఉంటుంది. ఇంకో మాట కూడా చెబుతాను, చాలామంది ఒప్పుకోకపోవచ్చు. బాగుచేసి దాచినదానికన్నా, విరిగినది విరిగినట్టు కనిపించేదే నాకు మేలు. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలుస్తుంది.

ఎక్కడ కొనాలి, ఎంత ఇవ్వాలి

నాటింగ్‌హమ్‌షైర్‌లోని న్యూవర్క్‌లో జరిగే పెద్ద సంత, లండన్‌లో శనివారం పోర్టొబెల్లో రోడ్, ఊళ్లలోని వేలంపాటలు, ఈ బొమ్మలే అమ్మే కొద్దిమంది డీలర్లు. మొదటి బొమ్మ డీలర్ దగ్గరే కొనండి. రెండు డబ్బులు ఎక్కువైనా, రశీదు మీద ఏ కాలంది, ఏం బాగుచేశారు అన్నది రాసిస్తారు. రాసింది తప్పని తేలితే అడిగే హక్కు 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఇస్తుంది. వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే వద్దనుకోవడానికి 14 రోజుల గడువు ఉంటుంది. మామూలు మనిషి తన ఇంట్లోది అమ్మితే ఆ గడువు వర్తించదు.

వేలంలో పాడేముందు లెక్క వేసుకోండి. మీరు 100 పౌండ్లకి పాడారు. కొనుగోలుదారుడి ప్రీమియం, అంటే కొన్నవారి దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము, 25 శాతం అనుకుంటే 25 పౌండ్లు, ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ 5 పౌండ్లు. మీ చేతి నుంచి పోయేది 130. ఆన్‌లైన్‌లో పాడితే దానిపై ఇంకొంత ఉండొచ్చు, పంపే ఖర్చు వేరే. అందుకే నేను ఇవ్వగలిగిన మొత్తం ముందు రాసుకుని, దాన్ని 1.3తో భాగించి, వచ్చిన అంకె దగ్గర ఆగిపోతాను. వేలానికి రెండు మూడు రోజుల ముందే కండిషన్ రిపోర్ట్, అంటే బొమ్మకి ఎక్కడ ఏ దెబ్బ ఉందో చెప్పే కాగితం, అడగండి, అడుగుభాగం ఫొటో, వీపు ఫొటో పంపమనండి.

కొనకముందు చూడాలి. హాన్లీలోని పోటరీస్ మ్యూజియంలో ఒక మధ్యాహ్నం గడపండి. లాంగ్టన్‌లోని గ్లాడ్‌స్టన్ పోటరీ మ్యూజియంలో సీసా ఆకారపు పాత బట్టీల లోపలికి వెళ్లి నిలబడొచ్చు. బ్రైటన్ మ్యూజియంలో హెన్రీ విలెట్ సేకరణ ఉంది. ఆయన మట్టి పాత్రల్నీ బొమ్మల్నీ కార్ఖానాల వారీగా కాకుండా, అవి చెప్పే విషయాల వారీగా పేర్చాడు. నాటకం ఒకచోట, నేరం ఒకచోట, రాజకీయం ఒకచోట. నా అరలు సర్దుకునే పద్ధతి నేను అక్కడే నేర్చుకున్నాను.

ఇంటికి తెచ్చాక

నీళ్లలో ముంచకండి. పగుళ్లలోంచి, అడుగు రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పోయి, రోజుల తరబడి ఆరవు, మరకలు పైకి తేలతాయి. నేను సౌటర్ జానీని మొదటిసారి తుడిచినప్పుడు తడిగుడ్డతో గట్టిగా రుద్దాను. అతని బూటు మీది నలుపు సగం గుడ్డకి వచ్చేసింది. ఆ గుడ్డను ఇప్పటికీ పారెయ్యలేదు. ఇప్పుడు చేసేది ఇలా. ముందు మెత్తటి పొడి కుంచెతో దుమ్ము. తర్వాత దూదిపుల్లను గోరువెచ్చని నీళ్లలో తడిపి, పిండి, గ్లేజ్ మాత్రమే ఉన్న చోట్ల దొర్లించడం. బంగారం మీద, పెచ్చులు లేచిన రంగు మీద ఏమీ పెట్టను. బ్లీచ్, గిన్నెలు తోమే పౌడర్, డిష్‌వాషర్, ఈ మూడూ దగ్గరకి రానివ్వకండి.

అర మీద నిలబెట్టేటప్పుడు పీఠం కింద మ్యూజియం మైనం (వస్తువులు కదలకుండా అంటించే మెత్తటి మైనం) చిన్న ఉండలు మూడు పెడితే తలుపు గట్టిగా పడ్డా కదలదు. తియ్యాలంటే పైకి లాగకుండా మెల్లగా తిప్పి తియ్యండి. వేడి గొట్టాల పైన, ఎండ నేరుగా పడే కిటికీలో పెట్టకండి. పాత అతుకు జిగురు ముందు మెత్తబడుతుంది.

ప్రతి బొమ్మకీ ఒక పేజీ రాసుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి, ఎత్తు ఎన్ని అంగుళాలు, అడుగు రంధ్రం ఎంత, టార్చి కింద ఏం కనిపించింది, వెనకున్న చిత్రం ఏది, ఆ కథలో ఆ ఘట్టం ఏ పేజీలో ఉంది. ఫాల్‌స్టాఫ్ పేజీలో నేను మొత్తం రాశాను, 260 పౌండ్లతో సహా. బొమ్మను అమ్మలేదు. టార్చి కొత్తగా కొన్నవాళ్లు ఎవరైనా ఇంటికొస్తే, గదిలో లైటు తీసేసి ముందు దాన్నే చేతికిస్తాను.